ముందు ఇరుసు

తుక్కు దుకాణంల ఇరుసు కొనేటప్పుడు దాని మూత విప్పరాదు. విప్పితే సరుకు నీదే. మంచిదైనా చెడ్డదైనా మోసుకొని పోవాలె. బార్కస్‌ల మా షెడ్డున్న గల్లీల ఇది అందరికీ తెలిసిన రివాజు. అందుకే మేం చేత్తోని తిప్పి చూస్తం. షాఫ్టు తగిలించే మొగదల పట్టుకొని మెల్లగ తిప్పాలె. లోపల పండ్ల చక్రాలు ఒకదాన్నొకటి తాకే చప్పుడు వినాలె. గరగర అంటే విడిచిపెట్టాలె. నూనెల తిరిగినట్టు వస్తే తీసుకోవాలె.

వినుట్ల నాకు పేరుండె. కొండల్ జీపుకు ముందు ఇరుసు ఏరేటప్పుడు దుకాణపాయన నలుగురి ముందల, "సాయిలు భాయ్ కాన్ లగాయా తో బస్" అన్నడు. నేను చెవి పెడితే ఇంక చూసేది లేదట. ఆ మాట నాకు బాగనిపించింది. ఇంకేం చూడలే.

కొండల్ వాళ్లు లాల్‌దర్వాజల మూడు తరాల నుంచి పాల వ్యాపారం చేస్తున్నరు. ఇంటి కాడ బర్లను కట్టేసే జాగ లేక, బార్కస్ దాటినంక ఒక గుట్ట మీద కొట్టం వేసిండ్రు. తొవ్వ కింద అంత కంకర. మీదికి పోతే నున్నటి బండ. కొండల్ దాణా, పల్లి చెక్క తెచ్చుడు చూసుకుంటడు. పాలు దింపేది ఆయన భార్య అమల. పాత జీపు. వెనక చక్రాలు మాత్రమే లాగుతుండె. వానలు పడ్డంక బండ ఎక్కలేక జారుతుండె. నాలుగు చక్రాలు లాగేటట్టు చెయ్యుమని మా ఉస్తాద్ రామ్‌చందర్‌కు అప్పజెప్పిండ్రు. ఉస్తాద్ నాకు ఇచ్చిండు.

పన్నెండు రోజులు పట్టింది. గేరు డబ్బా పక్కకు, ముందు చక్రాలకు కూడ లాగుడు పంచే ఇంకో డబ్బా, దాని లివరు కూర్చుండబెట్టిన. ముందల ఇరుసు ఎక్కించిన. రాయి తగలకుండ కమాను పట్టీలు నాలుగు వేళ్లెత్తు లేపిన. పదమూడో రోజు పదకొండు గంటలకు అమల, ఆమె అత్త రాజమణి వచ్చిండ్రు. అమల నాలుగు చక్రాల గేరు వేసి, సిమెంటు గల్లీల మలుపు దాక తోలుకపోయి మళ్ల వెనకకు తెచ్చింది.

"లివరు మస్తు గట్టిగున్నది సాయిలన్నా. గేరు తీద్దామంటే వస్తలేదు."

"కొత్తది గదా చెల్లె. నడిచినంక వదులైతది."

"పన్నెండొద్దులు తీసుకున్నవు. నా బర్రె పది నెలలల్ల దూడనిస్తది. పుట్టిన్నాడే లేచి నడుస్తది అది" అన్నది రాజమణి.

నేను నవ్విన. వాళ్లు పోయిండ్రు.

మూడింటికి షెడ్డు ముందల నీళ్లు చల్లుతుంటే మలుపు కాడ సిమెంటు మీద నల్లటి గీతలు కనబడ్డయి. టైరు రుద్దుకపోయిన గీతలు. బ్రేకు కొడితే నాలుగు చక్రాలవి పడాలె. ఇవి ముందటి రెండింటివే. పోయేటప్పుడు పడ్డయి, వచ్చేటప్పుడూ పడ్డయి. బకెటు కింద పెట్టి వాటి దిక్కు శానసేపు చూసిన.

ఆ ఇరుసుకు రంగు వేసే ముందు, దాని మూత బోల్టుకున్న చిన్న రేకు ముక్క విప్పి నట్ల డబ్బాల పడేసిన. డబ్బా నేల మీద కుమ్మరించి ఏరిన. దొరికింది. బొటనవేలితోని జిడ్డు తుడిస్తే అంకెలు లేచినయి. 39, 8.

వెనక ఇరుసుది 43, 8. అది నాకు కాయిదం చూడకుండనే తెలుసు.

లోపటి పెద్ద చక్రానికి ఎన్ని పండ్లున్నయో, దాన్ని తిప్పే చిన్నదానికి ఎన్నున్నయో చెప్పే అంకెలు అవి. ముందల వెనక ఒకటే ఉండాలె. లేకుంటే ముందటి చక్రాలు ఒక తీరు, వెనకటివి ఒక తీరు తిరుగుతయి. మట్టిల, కంకరల అయితే టైరు జర జారి సర్దుకుంటది. బండ మీద జారదు. బండి నడిచిన కొద్దీ లోపల మెలి పడుతది, తడి ధోతి పిండినట్టు. మెలి ఎక్కువైతే ఏదన్న ఇరుగుతది, లేకుంటే గేరు దానంతట అదే ఎగిరి బయటపడుతది. దిగుడుల గేరు ఎగిరితే బండిని పట్టి ఆపేది ఏం లేదు, పాత బ్రేకులు తప్ప. వెనక ఎనిమిది క్యాన్ల పాలుంటయి.

సాయంత్రం పాలు నాలుగింటికి దిగుతయి.

ఉస్తాద్ చాయ్ తాగుతుండె.

"ఉస్తాద్, ముందు ఇరుసు తప్పు పడ్డది. పండ్లు కలుస్తలేవు."

"బండి యాడుంది?"

"గుట్ట మీద."

ఆయన గిలాస కింద పెట్టిండు. "గింత నిమ్మళంగ చెప్తున్నవేందిరా? నా స్కూటర్ తీస్కో. నడువ్."

జాకీ కాళ్ల సందుల పెట్టుకొని, పానాలు సంచిల వేసుకొని, అమలకు ఫోన్ చేసిన. రాజమణి ఎత్తింది.

"పెద్దమ్మా, సాయిల్ని. బండి కదపొద్దని చెప్పు."

"ఎవలూ? అమల బండి తోలుతున్నది నాయినా. క్యాన్ల చప్పుడుకు ఏం వినొస్తలేదు. కిందికొచ్చినంక చేస్తది."

మళ్ల చేస్తే ఎత్తలే.

బార్కస్ సడక్ మీద జామపండ్ల బండ్లు, ఆటోలు. ఒక లారీ అడ్డం తిరుగుతుండె. "భాయ్, జర ఆగు" అంటే డ్రైవరు చెయ్యి ఊపి తన పని తను చేసుకున్నడు. లారీకి, గోడకు నడుమ ఉన్న సందుల నుంచి స్కూటరు దూర్చిన. మోకాలు గీరుకపోయింది. గుట్ట కింద కంకరల స్కూటరు పండబెట్టి, జాకీ భుజాన వేసుకొని ఎక్కిన.

జీపు బండ నడుమల ముక్కు కిందికి పెట్టి నిలబడి ఉన్నది. దానికి ఇరవై అడుగుల కింద మలుపు. మలుపు అవుతల రాయి కొట్టిన క్వారీ గుంత. గుంత నిండ వాన నీళ్లు, పచ్చగ. అమల రెండు కాళ్లతోని బ్రేకు తొక్కి, స్టీరింగు పట్టుకొని కూసున్నది. రాజమణి దొరికిన రాయి తెచ్చి చక్రాల కింద పెడుతున్నది.

"ఎగిరింది అన్నా" అన్నది అమల. తల తిప్పలే. "టక్కుమని ఎగిరింది. బండి ఉరికింది. రెండోసారి తొక్కితే ఆగింది. కాళ్లు తీస్తే పోతదనిపిస్తుంది."

"తియ్యకు. హ్యాండ్‌బ్రేకు?"

"గుంజిన."

"గేరు?"

"మళ్ల లోపటికి తోసిన. ఇప్పుడు ఇటు వస్తలేదు, అటు పోతలేదు."

రాజమణి నా దిక్కు చూసింది. "ఏమైంది దానికి?"

"లోపల మెలి పడ్డది పెద్దమ్మా. ముందు దాన్ని ఇడిపిస్త."

"పాలు పారబోసెయ్యనా? బరువు తగ్గుతది."

"వద్దు. బరువు వెనకనే ఉండాలె. ఆ చక్రాలే మనల్ని పట్టేది."

ముందు వెనక చక్రాల కింద రాళ్లు సరిజేసిన. అంచు ఉన్న రాయి అడుగున, పెద్దది దాని మీద. తర్వాత జాకీ. ఒక చక్రం బండను విడిస్తే లోపటి మెలి దానంతట అదే ఇడుస్తది. ఏ చక్రం లేపాలె అన్న దాని మీదనే అంత ఉన్నది. ఈ జీపుల హ్యాండ్‌బ్రేకు వెనక షాఫ్టును పడుతది, చక్రాలను పట్టదు. వెనక చక్రం ఒకటి గాలిల లేస్తే అది ఉట్టిగ తిరుగుతది, రెండోది విడిచిపెడుతది, బండి పోతది. ముందుదే లేపాలె. గుంత దిక్కుది కాదు, గుట్ట దిక్కుది.

కిందికి దూరి జాకీ పెట్టిన. ఒక్కో తిప్పుకు బండి జర జర కదులుతున్నది. నా మొకం మీద ఇంజను వేడి. పైన క్యాన్ల మూతలు ఒకదానికొకటి తాకి టింగుమన్నయి.

"అన్నా" అన్నది అమల.

"కాలు తియ్యకు."

"తియ్యలే. తిమ్మిరెక్కింది."

"ఎక్కని. తియ్యకు."

టైరు బండ మీద నుంచి వెంట్రుకంత లేచింది. అప్పుడు చక్రం దానంతట అదే ధన్ మని సగం చుట్టు తిరిగింది. టైరు అంచు నా భుజాన్ని కొట్టి పోయింది. బండి అంత ఒకసారి ఊగింది. రాజమణి చేతిల రాయి జారి బండ మీద దొర్లుకుంట మలుపు దాక పోయి, గుంతల పడ్డది. నీళ్ల చప్పుడు శానసేపటికి వచ్చింది.

బండి కదల్లే.

"లివరు చూడు" అన్న.

"వస్తుంది. వెన్నల వచ్చినట్టు వస్తుంది" అన్నది అమల.

"అట్లనే ఉంచు. గేరుల పెట్టకు."

డబ్బా నుంచి ముందు ఇరుసుకు పోయే షాఫ్టును విప్పాలె. రెండు మొగదళ్లకు ఎనిమిది నట్లు. ఈ పన్నెండు రోజులల్ల నేనే బిగించిన. ఏ నట్టు ఎంత బిగించిన్నో చేతికి యాదున్నది. ఏడు వచ్చినయి. ఎనిమిదోది తిరుగలే. పానా జారి వేళ్ల తోలు లేచిపోయింది. చెమట, నెత్తురు కలిసి పట్టు దొరుకుతలేదు. రాజమణి తన కొంగు అంచు చింపి చేతికిచ్చింది. చుట్టుకొని లాగితే వచ్చింది. షాఫ్టు నా రొమ్ము మీద పడ్డది. బయటకు దొబ్బిన.

ఇప్పుడు ముందు చక్రాలు ఉట్టియే. లో గేరు వేస్తే వెనక చక్రాలే లాగుతయి. ఇంజను పట్టు ఉంటది, మెలి ఉండదు. జాకీ దించిన. లేచి నిలబడి అమల దిక్కు పోయిన.

"దిగు చెల్లె. నేను దింపుత."

ఆమె అప్పుడు తల తిప్పింది. "ఆ ఇరుసు ఎవలు తెచ్చిండ్రు?"

ఇట్లడుగుతదని అనుకోలే. దుకాణపాయన పేరు నోటి దాక వచ్చింది. దాన్ని మింగిన.

"నేనే. అంకెలు చూడలే. పొద్దుగాల లివరు గట్టిగున్నదని నువ్వు చెప్పినవు. అప్పుడన్న చూడాలె. చూడలే."

రాజమణి ఏదో అనబోయింది. అమల చెయ్యి లేపి ఆపింది.

"ఈ తొవ్వ నాకు ఎరుక. ఏ బండ యాడ వంగి ఉన్నదో నాకు ఎరుక. నేనే తోలుత." గుంత దిక్కు సీటు చూపించింది. "నువ్వు ఆడ కూసో."

కూసున్న. రాజమణిని నడిచి రమ్మన్నం. ఆమె రాళ్లు తీసి పక్కకు జరిగింది.

"లో వెయ్యి" అన్న. వేసింది. పండ్లు ఒకసారి ఎగిరినయంటే ఇంకోసారి ఎగురుతయి, అంచులు అరిగి ఉంటయి. లివరును రెండు చేతులతోని పట్టి కిందికి అదిమిన. "హ్యాండ్‌బ్రేకు విడువు. కాలు మెల్లగ."

బండి నడిచింది. మనిషి నడిచినంత. ఇంజను మూలిగింది గని పట్టుకున్నది. నా దిక్కున సగం తలుపు. కింద బండ అంచు, దాని కింద నీళ్లు. లివరు నా అరచేతిల కొట్టుకుంటున్నది, కట్టేసిన దూడ మెడ గుంజుకున్నట్టు. మలుపు కాడికొచ్చినం. ముందు చక్రం అంచు మీద పడ్డది. చిన్న కంకర రాలింది. లివరు పైకి లేస్తనే ఉన్నది. మోచేయి ఆనించి, పాణం బెట్టి అదిమిన. అమల స్టీరింగు తిప్పింది, సగం ఆపింది, మళ్ల తిప్పింది. వెనక క్యాన్లు ఒక దిక్కుకు జరిగినయి. వెనక చక్రం ఒకసారి జారింది. పట్టింది.

మలుపు దాటినం. కంకర తొవ్వ వచ్చింది. స్కూటరు కాడ అమల బండి ఆపింది. తాళం చెవి తిప్పింది. ఇంజను ఆగినంక గుట్ట మీది బర్ల అరుపు వినొచ్చింది.

ఇద్దరం అట్లనే కూసున్నం.

"లివరు విడిచిపెట్టన్నా" అన్నది.

వేళ్లు రాలే. ఒక్కొక్కటే ఇడిపించుకున్న.

రాజమణి దిగొచ్చేటప్పటికి పావుగంట అయింది. చెప్పులు చేతిల పట్టుకొని, విప్పేసిన షాఫ్టును చంకల పెట్టుకొని వచ్చింది. షాఫ్టును నా కాళ్ల కాడ పెట్టింది. పాల క్యాన్లు ఎనిమిది ఉన్నయో లేదో చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఇంకో ఇరుసు ఎప్పుడు?"

"నాలుగు రోజులు పడుతది పెద్దమ్మా. ఈసారి పండ్లు చూసి తెస్త."

"నాలుగు రోజులు పాలు ఎట్ల దిగాలె?"

నేను షాఫ్టును ఎత్తి క్యాన్ల పక్కకు పెట్టిన.

"ఇప్పుడు దిగినట్టే దిగుతయి" అన్నది అమల, స్టీరింగు మీద నుంచి చెయ్యి తియ్యకుండ. "పొద్దుగాల ఐదింటికి, సాయంత్రం నాలుగింటికి. లివరు పట్టుకునేటోడు ఉండాలె గదా."

రాజమణి ఒప్పుకున్నట్టు తల ఊపింది. "గుంత దిక్కే కూసోబెట్టు" అన్నది.

నాలుగు దినాలు, పూటకోసారి లెక్కన ఎనిమిదిసార్లు ఆ సీట్ల కూసున్న. మలుపు కాడ ప్రతిసారి అమల స్టీరింగు సగం ఆపి మళ్ల తిప్పింది. నేను రెండు చేతులతోని లివరు అదిమిన.