కడ్డీ మీది నల్లకోటు

లా కాలేజీలో చేరిన కొత్తలో ఆ అమ్మాయికి కేసులు చదవడం రాదు. రాదంటే అక్షరాలు రాక కాదు. ప్రతి కేసునూ కథలా చదివేసేది. అందులోనూ పాత ఆస్తి తగాదాలంటే మహా ఇష్టం. ఒకడు జింకను తరుముతుంటే ఇంకొకడు మధ్యలో దూరి పట్టుకుపోవడం, ఒకాయన తేనెటీగలు గోడ దాటి పక్కాయన చెట్టెక్కడం, గోడలో దొరికిన ఉంగరం కోసం ఇంటివాడూ అద్దెవాడూ జుట్టూ జుట్టూ పట్టుకోవడం. చదువుతూ కూర్చుంటే అన్నం కూడా గుర్తొచ్చేది కాదు. తీరా క్లాసులో లేపితే గుర్రం రంగు చెప్పేది, ఆ రోజు వాన పడిన సంగతి చెప్పేది, ఓడిపోయినవాడి మీద బోలెడు జాలిపడేది.

"అదంతా బాగానే ఉందమ్మా. ఇంతకీ కోర్టు తేల్చాల్సిన ప్రశ్న ఏమిటి?" అని మేడం అడిగేసరికి నీళ్ళు నమిలేది.

ఆ మేడం చెప్పేది తక్కువ, అడిగేది ఎక్కువ. అందుకే పిల్లలు 'ఏమిటి మేడం' అని పేరు పెట్టుకున్నారు.

అమ్మాయి వాళ్ళది లాండ్రీ. వెనక గదిలో నాన్న ఉతికేవాడు, ముందు గదిలో అమ్మ ఇస్త్రీ చేసేది, కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద నాయనమ్మ ఊడిన గుండీలు కుట్టేది. పై గదుల్లో కాపురం. ఇల్లు పైనున్నా అమ్మాయి చదువంతా కిందే, ఇస్త్రీ బల్ల చివర. ఆవిరికి పుస్తకం పేజీలు మెత్తబడి ఉబ్బేవి. ఇప్పటికీ వేడి గంజి వాసన తగిలితే చాలు, ఆమెకి ఆస్తి చట్టమే గుర్తొస్తుంది. ఆ రోజులు మళ్ళీ వస్తే ఎంత బాగుండునో అనిపిస్తుంది కూడా.

ఆ ముందు గదిలో, లోపలి గోడకి ఒక కడ్డీ ఉండేది. బట్టలు వేసి మళ్ళీ రానివాళ్ళవన్నీ దాని మీదికి చేరేవి. మిగతా లాండ్రీల వాళ్ళు కొన్నాళ్ళు చూసి ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాళ్ళు. అమ్మ అలా కాదు. ఏటా చలి మొదలవగానే కడ్డీ మీదివన్నీ దించి, మళ్ళీ ఉతికించి, మళ్ళీ ఇస్త్రీ చేసి, పాత చీటీలు తిరిగి గుచ్చి తగిలించేది.

"వచ్చేవాళ్ళైతే ఎప్పుడో వచ్చేవాళ్ళు. నీళ్ళు దండగ, సబ్బు దండగ," అని నాయనమ్మ సణిగేది.

"వచ్చిన రోజున ముడతలు పడ్డ చొక్కా చేతిలో పెట్టమంటారా అత్తయ్యా?" అని అమ్మ ఎదురడిగేది. అక్కడితో ఆగితే అత్తాకోడళ్ళెలా అవుతారు? మధ్యాహ్నం దాకా సాగేది.

ఆ కడ్డీ మీదే ఒక నల్లకోటు. అమ్మాయి చిన్నప్పుడెప్పుడో ఒక పొడుగాటి మనిషి ఇచ్చి వెళ్ళాడు. "రేపొచ్చి తీసుకుంటానమ్మా," అన్నాడట. ఆ రేపు రాలేదు.

మొదటి ఏడు సగం గడిచాక కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెట్టారు. పిల్లలే లాయర్లు, మేడమే జడ్జి. నల్లకోటు లేనివాళ్ళు వాదించకూడదు, వాదించనివాళ్ళకి ఆ పాఠంలో గట్టెక్కడం కుదరదు. ఫీజు కట్టేసరికే ఇంట్లో చేతులు ఖాళీ అయిపోయాయి, కొత్త కోటు మాట ఎత్తడానికి అమ్మాయికి నోరు రాలేదు. స్నేహితురాళ్ళని అడిగితే ఎవరి కోటు వాళ్ళకే కావాలి. ఇక కళ్ళు ఎక్కడికి పోతాయి? కడ్డీ మీదికే పోయాయి.

"కుదరదు," అంది అమ్మ, తల కూడా ఎత్తకుండా. "అది మనది కాదు."

"ఆయన వదిలేశాడమ్మా!"

"వదిలేస్తున్నానని నీతో చెప్పాడా?"

అమ్మాయి పుస్తకం తెచ్చింది. సరిగ్గా అలాంటిదే ఒక పాత కేసు ఉంది. ఒక బాటసారి సత్రంలో పెట్టె ఉంచి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి రాలేదు. సత్రం ఆవిడ ఆ పెట్టెను వాడుకుంది. ఆ తర్వాత వాడు దిగాడు, నా పెట్టె నాకిమ్మన్నాడు. ముగ్గురు జడ్జీలు, మూడు పొడుగాటి తీర్పులు. అమ్మాయి ఒకటి తీసి గడగడా చదివేసింది: ఇంతకాలం పట్టించుకోనివాడు తన హక్కు వదులుకున్నట్టే, కాపాడినవారిదే వస్తువు.

"చూశావా? పెద్ద కోర్టు మాట!"

"పెద్ద కోర్టు వాళ్ళు మన లాండ్రీకొచ్చి చూశారా?" అంది అమ్మ.

ఇద్దరూ పట్టు వదలకపోయేసరికి నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఈ గొడవ నావల్ల కాదు, అమ్మ తేలుస్తుంది," అని నాయనమ్మని చూపించి వెనక్కి జారుకున్నాడు. కోడలి మీద తీర్పు చెప్పే అవకాశం కోరి వస్తే నాయనమ్మ వదులుకుంటుందా? సూదిని జాకెట్టుకి గుచ్చి, కళ్ళజోడు సర్దుకుని, నిటారుగా కూర్చుంది.

"పిల్ల పుస్తకం చూపించింది. నీ దగ్గర పుస్తకం ఉందా?"

"లేదు అత్తయ్యా."

"అయితే కోటు పిల్లది. లేవండి, పని చూసుకోండి."

ఇంత వేగంగా తెమిలే కోర్టు లోకంలో ఇంకొకటి ఉండదు. అమ్మాయి ఎగిరి గంతేసింది. ఆనందం మర్నాడు పొద్దున్న క్లాసు దాకానే.

ఆ రోజు పాఠం సత్రం పెట్టె కేసే. మేడం అడగకముందే అమ్మాయి లేచి, కాపాడినవారిదే వస్తువు అని కోర్టు తేల్చిందని ధీమాగా చెప్పింది.

"ముగ్గురు జడ్జీలలో ఆ మాటన్నది ఎంతమంది?"

అమ్మాయి పేజీలు తిప్పింది. ఒక్కరే. మిగతా ఇద్దరూ అది తప్పన్నారు. ఎంత ఆలస్యం చేసినా అది వదిలేసుకోవడం కాదు, ఇక నాకొద్దని మనసులో అనుకోవాలి, ఆ అనుకున్నట్టు నడుచుకోవాలి, అవి రెండూ లేనంతవరకు వస్తువు వెళ్ళినవాడిదే అన్నారు. ఆమె చదివి వినిపించింది ఓడిపోయిన జడ్జిగారి మాట. తనకి కావలసింది కనిపించగానే అక్కడే ఆగిపోయింది. క్లాసంతా ఘొల్లుమంది. మేడం మాత్రం నవ్వలేదు.

"కూర్చో. ఇక ఏ కేసైనా ముందు ఎవరు గెలిచారో చూసి, తర్వాత చదువు."

ఇంటికెళ్ళేటప్పుడు దారంతా ఒకటే లెక్క. చెప్పకపోతే కోటు తనది. ఎవరికి తెలుస్తుంది? కానీ లోపలికి వెళ్ళేసరికి అమ్మ ఆ కోటునే బల్ల మీద పరిచి, తడిగుడ్డ వేసి, కాలరు మీద ఇస్త్రీ పెట్టె ఆనిస్తోంది. చేతులు కూడా అమ్మాయి కొలతకి లోపలికి మడిచి కుట్టు వేసి ఉన్నాయి. అది చూశాక నోరు దానంతటదే తెరుచుకుంది. మొత్తం చెప్పేసింది.

నాయనమ్మ ముఖం మాడిపోయింది. "ఒకసారిచ్చిన తీర్పు వెనక్కి తీసుకోను," అంది.

అమ్మ పెట్టె పక్కన పెట్టింది. "అంటే నేను గెలిచానన్నమాట."

"గెలిచావు," అంది అమ్మాయి, కళ్ళనీళ్ళతో. రేపటి వాదన లేదు, ఆ పాఠం గట్టెక్కేది లేదు.

"గెలిచినదాన్ని కదా, నా మాట వినండి. కోటు ఆయనదే. కాపలా నాది. కాపలాదారుగా చెప్తున్నా, రేపు నువ్వు వేసుకెళ్ళు. వాదించగానే తెచ్చి కడ్డీకి తగిలించు. ఆయన వస్తే నేను చెప్పుకుంటాను, మా పిల్లకి అవసరమైంది బాబూ అని. అంత పొడుగు మనిషికి ఆ మాత్రం పెద్దమనసు ఉండదా?"

"ఎలా తెలుసమ్మా?"

"జేబులు దులిపి, మడత పెట్టి ఇచ్చాడే. అలాంటివాళ్ళు నాకు తెలుసు."

మర్నాడు ఉత్తుత్తి కోర్టులోనూ ఆ సత్రం పెట్టె కేసే, అమ్మాయికి పడింది పెట్టె ఉంచి వెళ్ళినవాడి పక్షమే. ఈసారి గుర్రం రంగు చెప్పలేదు. ఎక్కడున్నాడో తెలియని మనిషి కోటు తన ఒంటి మీద ఉండగా, "ఆయన వదిలేశానని చెప్పలేదు మేడం. చెప్పుకోవడానికి ఇక్కడ లేడు, అంతే," అంది. మేడం మొదటిసారి ఏమీ అడగలేదు.

చదువంతా ఆ కోటుతోనే సాగింది. ప్రతిసారీ వేసుకోవడం, తెచ్చి తగిలించడం. చదువయ్యాక దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. బయల్దేరే రోజున అమ్మాయి కోటు కడ్డీకి తగిలించి, చీటీ సరిచేసి, "త్వరలో వస్తానమ్మా," అంది.

"ఆయనా అదే అన్నాడు," అంది అమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

త్వరలో అన్న మాటకి అంతు ఉండదు. నాయనమ్మ పోయినప్పుడు వచ్చింది, రెండు పూటలుండి వెళ్ళింది. ఆ తర్వాత పరీక్షలన్నారు, పేపర్లు దిద్దాలన్నారు, వచ్చే సెలవుల్లో అనుకుంది. లాయరుగా మొదలుపెట్టి పంతులమ్మగా స్థిరపడింది, అదీ ఆస్తి చట్టానికి. పిల్లలు ఆవిడకేం పేరు పెట్టారో ఆవిడకి తెలీదు. ఒకరోజు క్లాసులో మొదటి ఏడాది పిల్ల ఒకతి లేచి, సత్రం పెట్టె కేసులో ఓడిపోయిన జడ్జిగారి మాటని తీర్పనుకుని ధీమాగా చదివేసింది. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వబోయి, అమ్మ ఇస్త్రీ బల్ల గుర్తొచ్చి ఆగిపోయింది. పుస్తకం మూసి, సెలవు చెప్పి, తిన్నగా బస్సెక్కింది.

అమ్మ బల్ల దగ్గరే ఉంది. జుట్టు నెరిసింది గానీ చేతిలో పెట్టె మునుపటి విసురుతోనే నడుస్తోంది. "ఏం కావాలమ్మా?" అంటూ తలెత్తి, చూసి, బట్ట మీద నీళ్ళు చిలకరించడం మొదలుపెట్టింది.

కడ్డీ మీద నల్లకోటు అలాగే ఉంది. దాని పక్కన కాలేజీ రోజుల నీలం చుడీదారు, సిరా మరక పోని తెల్ల చొక్కా, చలికి కప్పుకునే శాలువా. అన్నీ గంజి పెట్టి, మడత నలగకుండా, చీటీలు గుచ్చి ఉన్నాయి.

"ఇవి నావి కదమ్మా. పైన బీరువాలో ఉండాలిగా. ఇక్కడెందుకున్నాయి?"

"వస్తానని చెప్పి వెళ్ళినవాళ్ళవి అక్కడే కదా పెడతాం."

కోర్టుల్లో వాదించిన మనిషి, వందల మందికి ఇదే పాఠం చెప్పిన మనిషి, ఇప్పుడు తన తరఫున తానే వాదించుకోవాల్సి వచ్చింది. "నేను వదిలేయలేదమ్మా," అంది.

"తెలుసు. తెలిసే కదా ఏటా ఇస్త్రీ చేస్తున్నా," అంది అమ్మ.

ఆమె తన శాలువా అందుకోబోయింది. అమ్మ పెట్టె దించి, చెయ్యి చాచింది.

"చీటీ ఉందా?"

"లేదు."

"చీటీ లేనిదే ఇవ్వం. వెతకాలి, టైం పడుతుంది. కూర్చో."

ఆమె నాయనమ్మ ముక్కాలిపీట లాక్కుని, ఇస్త్రీ బల్ల చివర కూర్చుంది.