మాటల్లేని వేషం

బరోంగ్ చొక్కాని తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేయాలి. పైనాపిల్ నారతో నేసిన బట్ట అది. పెట్టె కాస్త వేడెక్కితే మాడుతుంది, చల్లబడితే ముడత పోదు. ఆ రెంటికీ మధ్య ఉండాల్సిన వేడిని వేలికొసతో కనిపెట్టడం పెళ్ళయిన కొత్తలో నేర్చుకున్నాను, రెండు చొక్కాలు మాడ్చి, వాటికి తగ్గ మాటలు అత్తయ్య దగ్గర పడి. ఆ సోమవారం పొద్దున నేను చొక్కా మీద పెట్టె ఆనిస్తుంటే నా భర్త క్రిసాంతో బనియనుతో కూర్చుని, వెల్లుల్లి అన్నంలో ఎండుచేప నంజుకుంటూ, బడిలో నేనేం చెప్పాలో నాకు నేర్పుతున్నాడు.

"ఒక్క వాక్యమే ఆరెలియా. 'ఆ పిల్ల నాకు చూపించిన నాటకం వేరు, స్టేజీ మీద ఆడింది వేరు.' అంతే. చెప్పేసి దిగిపో. ఏదీ, ఒకసారి అను."

"చేప ఇంకోటి వెయ్యనా?"

"అను ముందు."

అన్నాను. గొంతు పెంచమన్నాడు. మళ్ళీ అన్నాను.

"పిల్లలకి పాఠాలు చెప్పే నోరే కదే, అంత పీలగా వస్తుందేం?" అంది అత్తయ్య, కిటికీ దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

ఆ వాక్యం చెబితే నాటకం రాసిన జొవెలిన్ అనే పదో తరగతి పిల్లని బడి నుంచి పంపేస్తారు. చెప్పకపోతే నన్ను పంపేస్తారు. మా ప్రిన్సిపల్ సిస్టర్ బెనిల్డా శుక్రవారం సాయంత్రం తన గదిలో కూర్చోబెట్టి ఈ సంగతి చాలా మెత్తగా చెప్పింది. "ఆ నాటకంలో పునీతురాలు సాంతా క్లారానీ, ఒక పెద్దమనిషినీ అబద్ధాలతో నవ్వులపాలు చేశారు. నీకు తెలిసి జరిగితే తప్పు నీది. తెలియకుండా జరిగితే ఆ పిల్లది. సోమవారం అందరి ముందూ చెప్పు. మేరీమాత నీకు దారి చూపిస్తుంది." ఉన్నవి రెండే దారులైనప్పుడు చూపించడానికి మేరీమాత దాకా దేనికి అనుకున్నాను. పైకి మాత్రం, "అలాగే సిస్టర్" అన్నాను. జొవెలిన్ తల్లి చర్చి గేటు దగ్గర బొగ్గుల మీద కొబ్బరిపాల రొట్టెలు కాల్చి అమ్ముతుంది. ఫీజు లేదు కాబట్టి పిల్ల మా కాన్వెంటులో చదువుతోంది. నడవడి బాగాలేదని ఇక్కడి నుంచి వెళ్ళగొడితే ఇంకే కాన్వెంటూ గేటు తీయదు. తల్లి పక్కన కూర్చుని బొగ్గులు విసరడమే మిగులుతుంది.

మా ఆయన ఆ బడిలో మతబోధ చెబుతాడు, క్రమశిక్షణ చూస్తాడు. ఆదివారం పూజలో ఫాదర్ పక్కన ఈ బరోంగ్‌తోనే నిలబడి జనం నాలుకల మీద సత్ప్రసాదం పెడతాడు. నెలకోసారి ఆడపిల్లల్ని వరండాలో మోకాళ్ళ మీద నిలబెట్టి, స్కర్టు అంచు నేలకి తగులుతోందో లేదో వంగి చూస్తాడు. తగలకపోతే, "వినయం ఇంత పొట్టిదైపోయిందేమిటి తల్లీ?" అంటాడు. నేను అక్కడే కుట్లూ వంటలూ నేర్పుతాను. దాంతోపాటు దేవదూతల రెక్కలు కుట్టాలి, విగ్రహాల బట్టలు ఉతకాలి, నాటకాల సంఘం చూసుకోవాలి. మగ మాస్టర్లు సాయంత్రం గేటు దగ్గర ఓ గంట నిలబడితే అది అదనపు డ్యూటీ, జీతంలో కలుస్తుంది. మేం సెలవురోజంతా కూర్చుని రెక్కలు కుడితే అది సేవ. సేవకి జీతం పరలోకంలో ఇస్తారట. అక్కడ కూడా పంపకం మగవాళ్ళ చేతుల్లో ఉండదని నమ్మకమేమిటి?

అక్టోబరులో పిల్లలు మేరీమాత విగ్రహాన్ని టీచర్ల ఇళ్ళకి మోసుకొస్తారు. తొమ్మిది సాయంత్రాలు ఒక ఇంట్లో ఉంచి, మోకరించి జపమాల చెబుతారు. తర్వాత ఇంటావిడ అందరికీ నూడుల్సు చేసి పెడుతుంది. నిరుడు మా ఇంటికొచ్చిన గుంపులో జొవెలిన్ ఉంది. బక్కపల్చటి పిల్ల, చెవుల వెనక బొగ్గుపొగ వాసన, దేన్ని చూసినా పెద్దవయ్యే కళ్ళు. జపమాలకి ముందు ఇంటాయన తన కోరిక చెప్పాలి. మా ఆయన రోజూ కళ్ళు మూసుకుని ఒకటే చెప్పేవాడు: "నా భార్య ఆరెలియా గర్భం తెరుచుకోవాలని ప్రార్థిద్దాం." పదిహేనేళ్ళ ఆడపిల్లలు నా పొట్ట వైపు చూసి గభాల్న చూపు దించుకునేవాళ్ళు. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని "ఆమెన్" అనేదాన్ని. సిగ్గుతో చెవులు కాలిపోయేవి. పొయ్యి మీద నూడుల్సు అడుగంటుతున్నాయన్న వంకతో లోపలికి పోయేదాన్ని.

భోజనాల దగ్గర అత్తయ్య అందుకునేది. "మూడేళ్ళు వరసగా ఓబాండో జాతరకి తీసుకెళ్ళానర్రా దీన్ని. మే నెల ఎండ. సాంతా క్లారా పల్లకీ ముందు వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎగిరింది. కాళ్ళు బొబ్బలెక్కాయి. ఏం లాభం? నేల బాగుండొద్దూ!"

"సార్ కూడా ఎగిరారా బామ్మా?" అని అడిగింది జొవెలిన్, ఫోర్కు పట్టుకునే. ఓబాండోలో సంతానం కోరుకునే మొగుడూ పెళ్ళాం కలిసే డాన్స్ చేస్తారని మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు.

"వాడా? వచ్చాడు పాపం, దీని సంచీ పట్టుకుని నీడలో నిలబడ్డాడు. పదిమందికి నీతులు చెప్పేవాడు నడివీధిలో గెంతుతాడటే పిచ్చిమొహమా!"

జొవెలిన్ నా వైపు చూసింది. నేను ఆ పిల్ల పళ్ళెంలో ఇంకాస్త వడ్డించాను.

అత్తయ్యకి తెలియనిది ఒకటుంది. రెండోసారి ఓబాండో వెళ్ళొచ్చాక మేమిద్దరం మనీలా వెళ్ళి పరీక్షలు చేయించుకున్నాం. నాలో ఏ లోపమూ లేదని డాక్టరమ్మ చెప్పింది. ఉన్నది ఆయనలోనని కూడా చెప్పింది, బల్ల మీది పెన్నుని సర్దుకుంటూ. తిరుగు బస్సులో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. బయట నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. "ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి. అమ్మ తట్టుకోలేదు. బడిలో తలెత్తుకు తిరగలేను. నీకైతే ఆడదానివని జాలైనా చూపిస్తారు" అని ఏడ్చాడు. నాకు నిజంగానే గుండె కరిగింది. మాటిచ్చాను. ఒంట్లో లోపం ఉండటం తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ దాన్ని తీసి నా పొట్ట మీద పెట్టి, నలుగురి చేతా దండాలు పెట్టిస్తాడని ఆ బస్సులో నాకు తోచలేదు. మరుసటి మే నెలలో అత్తయ్య నన్ను మళ్ళీ ఓబాండో బయల్దేరదీసింది. ఆయన వద్దనలేదు. "వెళ్ళు, అమ్మ మనసు కష్టపెట్టడం ఎందుకు" అన్నాడు. ఫలితం తెలిసి కూడా ఆ ఎండలో ఎగిరాను. పల్లకీ మీద నుంచి సాంతా క్లారా నన్ను చూసి ఏమనుకుందో.

ఫిబ్రవరిలో బడి పండుగకి జొవెలిన్ నాటకం రాసి తెచ్చింది. హాస్య నాటకం. మొక్కులు విని విని విసుగెత్తిన సాంతా క్లారా, అసలు ఈ జనానికి భక్తి ఎవరు నేర్పుతున్నారో చూద్దామని పీఠం దిగి కాన్వెంటులో చేరుతుంది. మాస్టారు ఆవిణ్ణి మోకాళ్ళ మీద నిలబెట్టి అంగీ అంచు చూస్తాడు. సాంతా క్లారా జీవితం మీద పెట్టిన పరీక్షలో సాంతా క్లారాకే సున్నా వస్తుంది. కుట్టుమిషన్ ముందు కూర్చుని చదువుతూ, చాలా రోజుల తర్వాత పకపకా నవ్వాను. పేజీ తిప్పితే మాస్టారి ఇల్లు వచ్చింది. అందులో మాస్టారి భార్య. వస్తుంది, చొక్కా ఇస్తుంది. వస్తుంది, అన్నం పెడుతుంది. మాస్టారు వినయం మీద ప్రసంగం వల్లిస్తుంటే కింద కూర్చుని ఆయనకి బూట్లు తొడుగుతుంది. చివర్లో వీధిలో ఒక్కతే డాన్స్ చేస్తుంది.

"ఈవిడకి ఒక్క మాటా రాయలేదేమే?" అని అడిగాను.

జొవెలిన్ తన చెప్పుల వైపు చూసుకుంది. "తొమ్మిది సాయంత్రాలు విన్నాను మేడమ్. 'ఆమెన్', 'ఇంకాస్త వెయ్యనా' తప్ప ఇంకేం వినపడలేదు. లేనివి కల్పించి రాయబుద్ధి కాలేదు."

నాకు కోపం రావాలి. రాలేదు. ఎవరో నన్ను చూశారన్న సంగతి మింగుడుపడటానికే చాలాసేపు పట్టింది. భార్య వేషానికి నా పాత గౌనే కురచచేసి ఇచ్చాను.

ఆడిన రోజు నవ్వులకి హాలు కప్పు లేచిపోయింది. సాంతా క్లారా వేసిన లావుపాటి పిల్ల పల్లకీ దిగి, డాన్స్ చేస్తున్న భార్యని ఆపి, "నీ ఆయనేడమ్మా?" అంది. భార్య నీడ వైపు చెయ్యి చూపించింది. "ఏం నాయనా, అక్కడున్నావు?" "నేను నీతులు చెప్పేవాణ్ణి తల్లీ!" సాంతా క్లారా నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేను సన్యాసినిని. నాక్కూడా తెలుసురా, ఇది ఒక్కరివల్ల అయ్యే పని కాదని!" పిల్లలు బెంచీలు బాదారు. తల్లులు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వెనక వరసలో ముసలి సిస్టర్లిద్దరు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మా ఆయన మాత్రం లేచి బయటికి నడిచాడు. అది చూసి సిస్టర్ బెనిల్డా లైట్లు వేయించింది. ఇంటికొచ్చాక ఆయన, "నా పరువు తీసే వేషానికి బట్టలు కుట్టావు" అన్నాడు. అత్తయ్య, "ఒక్కరినైనా కని ఉంటే తెలిసేదిరా పిల్లల్ని అదుపులో పెట్టడం" అంది.

ఇదంతా తలలో తిరుగుతుండగా చొక్కా ఇస్త్రీ అయింది. ఆయన తొడుక్కున్నాడు. ఆయన సంచీ నేను తీసుకున్నాను, రోజూ లాగానే. బడి మెట్ల పక్కన జొవెలిన్, వాళ్ళమ్మ నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలో అరిటాకులో చుట్టిన వేడి రొట్టె, సిస్టర్ కోసం తెచ్చినట్టుంది. నన్ను చూడగానే ఎదురొచ్చింది.

"మేడమ్, దాని తరఫున ఒక్క మాట చెప్పండి. మీ కాళ్ళకి దండం పెడతాను."

"మేడమ్‌ని ఇబ్బంది పెట్టకమ్మా," అంది జొవెలిన్ తల్లి భుజం పట్టుకుని. "ఆవిడ ఇంటికెళ్ళాలి కదా."

తిట్టినా బాగుండేది. తన చదువు పోతుంటే ఆ పిల్ల నా మీద జాలిపడుతోంది. ఆడదానివి, జాలైనా చూపిస్తారు అని బస్సులో ఆయన చెప్పింది గుర్తొచ్చింది.

జెండా ఎగరేశారు, ప్రార్థన అయింది. మా ఆయన మైకు ముందు నిలబడి సత్యం గురించి చక్కగా మాట్లాడాడు. కింద బడి మొత్తం ఎండలో నిలబడి వింది. తర్వాత మైకు నా చేతిలో పెడుతూ, పెదాలు కదపకుండా, "ఒక్క వాక్యం" అన్నాడు. ఇన్నేళ్ళకి నాకు స్టేజీ మీద చోటిచ్చారు. చెప్పాల్సిన మాట కూడా రాసిచ్చారు. తనకి తెలియదు కాబట్టి నా నోట్లో మాట పెట్టలేదు ఆ పిల్ల. ఈయనకి అన్నీ తెలుసు, అయినా పెట్టాడు.

"ఆ నాటకం నేను చదివాను," అన్నాను. నా గొంతు పీలగానే వచ్చింది. "మొదటి నుంచి చివరి దాకా. ఆడమన్నదీ నేనే. ఆ భార్య వేసుకున్న గౌను నాది."

సిస్టర్ బెనిల్డా కుర్చీలోంచి లేచింది. మా ఆయన మైకు కోసం చెయ్యి చాపాడు. నేను రెండు చేతులతో పట్టుకుని పక్కకి జరిగాను. ఆయన సంచీ నా భుజం మీంచి జారి కింద పడింది. తీయలేదు.

"జొవెలిన్ చూసింది చూసినట్టే రాసింది. భార్యకి మాటలు రాయలేదంటే, ఆవిడ నోరు తెరవలేదు కాబట్టి. ఆవిడ చెప్పాల్సిన మాట ఒకటుంది. అది ఇప్పుడు చెబుతున్నాను."

ఆయన మొహంలో ఆనాటి బస్సులోని భయం కనిపించింది. అప్పుడు జాలేసింది. ఇప్పుడూ వేసింది. కింద ఎండలో పెద్ద కళ్ళేసుకుని జొవెలిన్ వింటోంది.

"ఓబాండోలో డాన్స్ చేయాల్సింది నేను కాదు."