వెయ్యి అడుగుల బరువు

కాటా ముల్లు నాలుగు కిలోల తొమ్మిది వందల దగ్గర ఆగింది. శివకుమారి పాపను తట్టలోంచి తీసి మళ్ళీ పడుకోబెట్టింది. అదే తూకం.

పోయిన ఆదివారం హెల్త్ సెంటర్‌లో తూచినప్పుడు నాలుగో నెల పాప ఐదు కిలోల నాలుగు వందలుంది. బరువు పెరగాలని, ఏమాత్రం తగ్గినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపొమ్మని నర్సు గట్టిగా చెప్పింది. ఇవాళ గురువారమే. మళ్ళీ ఆదివారం దాకా మనసు పట్టలేక, గల్ఫ్‌లో ఉమ్ సలాల్ అనే ఊళ్ళోని ఈ తోటలో ఖర్జూరాలు తూచే కాటా మీద పెట్టి చూసింది. చూడకపోయినా బాగుండేది.

మొగుడు గిరి ఈ తోట యజమాని ఇంటి డ్రైవరు. పొద్దున్నే యజమానురాలు మేడమ్‌ను మెసయీద్ అనే దూరపు ఊరికి తీసుకెళ్ళాడు. ఆమె కారులో ఉండగా ఫోన్ చేయొద్దని అతని కట్టడి. పెళ్ళాం బిడ్డల్ని వెనక గదిలో ఉండనివ్వడమే ఎక్కువ, దాన్ని చెడగొట్టుకోకూడదని భయం.

తోటపని చేసే నర్సింలు వచ్చి సంగతి విన్నాడు. ఇక్కడికి రాకముందు ఆయన మెట్‌పల్లి సినిమా హాల్లో ఇరవై ఏళ్ళు ఆపరేటరు. కాటాదే తప్పేమో, పోయినేడు ఖర్జూరాల లెక్క కూడా కలవలేదన్నాడు.

తప్పో ఒప్పో తేలేదెట్లా? నర్సింలు స్టోరు గదిలోకి పోయి, యజమాని తండ్రి దాచుకున్న పాత సినిమా రీళ్ళలోంచి రెండు రేకు డబ్బాలు తెచ్చాడు. ఒక్కోదాని మీద వెయ్యి అడుగులని రాసి ఉంది. ఫిల్మును అడుగుల్లో కొలిచినా, బస్సులో పార్సిల్ వేసేటప్పుడు కిలోల్లోనే తూచేవాళ్ళట. డబ్బాతో కలిపి వెయ్యి అడుగులంటే రెండున్నర కిలోలని, ఎన్ని వందల డబ్బాలు మోశాడో తన భుజానికి తెలుసని చెప్పాడు.

ఒక డబ్బా పెట్టాడు. ముల్లు రెండు కిలోల నూరు దగ్గర ఆగింది.

"సూసినవా బిడ్డా? నాలుగొందలు మింగుతున్నది. పాప మంచిగనే ఉన్నది."

శివకుమారి వేళ్ళు మడిచింది. నాలుగొందలు కలిపినా ఐదు మూడొందలే. ఇంకా నూరు తక్కువ.

నర్సింలు తల గోక్కున్నాడు. చిన్న బరువుకు నాలుగొందలు మింగితే, పెద్ద బరువుకు రెట్టింపు మింగదా, అట్లయితే పాప ఐదు ఏడొందలు, పెరిగినట్టే కదా అన్నాడు. ఆ మాటను పట్టుకొని ఊపిరి పీల్చుకోవాలనిపించింది. కానీ మనసు నిలవలేదు. లెక్కల్లో భిన్నాలు మొదలయ్యేసరికి బడి మాన్పించారు గానీ, ఈ పాటి కూడిక ఆమెకు తెలుసు.

"రెండో డబ్బా గూడా పెట్టు చిన్నాయనా. రెట్టింపు మింగితే నాలుగు రెండొందలు చూపాల. అదే నాలుగొందలు మింగితే నాలుగు ఆరొందలు."

రెండోది పైన పెట్టాడు. ముల్లు ఊగింది, తడబడింది, నాలుగు ఆరొందల దగ్గర నిలబడింది.

నర్సింలు రెండో డబ్బాను ఒక్కదాన్నే పెట్టి చూశాడు. అదీ రెండు కిలోల నూరే. రెండూ దించాక ముల్లు సున్నా దగ్గరి మేకును ఒత్తుకొని ఉంది.

"గీ మేకు లేకుంటే ఇంకా కిందికి పోతుండె" అన్నాడు మెల్లగా. కాటా ఎప్పుడూ నాలుగొందలే మింగుతోంది. పాప బరువు ఐదు మూడొందలు.

నూరు గ్రాములు. చూస్తే గుప్పెడు ఖర్జూరాలు.

గిరికి ఫోన్ చేసింది. డ్యూటీలో ఉన్నానని గొంతు తగ్గించి విసుక్కున్నాడు.

"ఫోను మేడమ్‌కియ్యి."

"పిచ్చి పట్టిందా నీకు?"

"పాప తగ్గిపోతాంది. ఇయ్యి."

తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో పాపకు బాగాలేదని, బరువు తగ్గిందని, ఆసుపత్రికి పోవాలని మేడమ్‌కు చెప్పింది. ఎంత తగ్గిందని ఆమె అడిగింది. నూరు గ్రాములంది. నవ్వుతుందేమో, కోప్పడుతుందేమో అని శివకుమారి పెదవి కొరుక్కుంది.

"యల్లా, బయల్దేరు," అంది మేడమ్. తన తమ్ముడి డ్రైవర్‌ను పంపుతున్నానని, గేటు దగ్గర ఉండమని చెప్పింది.

పాప కాగితాలు, రెండు గుడ్డలు సంచిలో కుక్కుకొని బయటికి పరుగెత్తింది. తమ్ముడి కారు తెల్లదో నల్లదో అడగడం మరిచిపోయింది. ఎండలో నిలబడి, వచ్చిన ప్రతి కారుకూ చెయ్యెత్తుతూనే ఉంది.