బఠాణీలూ బ్రేకు కాలూ

ఆ పొద్దున ఆకాశం కురవాలో వద్దో తేల్చుకోలేక మొహం ముడుచుకుని కూర్చుంది. నాలుగు చినుకులు రాల్చి మళ్ళీ ఆలోచనలో పడింది. బస్సు డిపోలో అద్దాలు తుడిచేవాళ్ళు దాన్ని తిట్టుకుంటూ, తుడిచిన అద్దమే మళ్ళీ తుడుస్తున్నారు. లోపల వైద్యపరీక్ష గదిలో డిపో డాక్టరు డ్రైవరు జబ్బకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి పెదవి విరిచాడు.

"ఈ బీపీతో నీకు స్టీరింగు ఇవ్వలేనయ్యా."

"నాకేం తెలియడంలేదు సార్. బాగానే ఉన్నాను."

"నీకు తెలియదు. బస్సు వెళ్ళి గుద్దాక గోడకు తెలుస్తుంది."

నెల రోజులు సెలవన్నాడు. మాంసం మానమన్నాడు, ఉప్పూ నూనే తగ్గించమన్నాడు, ధ్యానం చెయ్యమన్నాడు. నెల తర్వాత మళ్ళీ పరీక్ష. తగ్గితే సీటు. తగ్గకపోతే మరిచిపోయిన సామాన్ల గది.

ఆ గది డ్రైవరుకు తెలుసు. ప్రయాణికులు బస్సుల్లో వదిలేసిన గొడుగులు, ఒంటి చెప్పులు, ఎవరివో కట్టుడుపళ్ళు, వాటి మధ్య ఒక కుర్చీ. ఆ కుర్చీలోకి వెళ్ళిన డ్రైవర్లు కొన్నాళ్ళకు తామూ ఎవరో మరిచిపోయి దిగిపోయిన సామానులాగే కనబడేవారు. బస్సంటే అతనికి ప్రాణమని చెబితే అబద్ధం. రోజూ దాన్ని తిట్టేవాడు. కానీ తిట్టడానికి బస్సే లేకపోతే పొద్దున లేచి ఏం చెయ్యాలో అతనికి తెలియదు.

కబురు తెలిసిన సాయంత్రమే బావమరిది చంకలో దిండుతో దిగాడు. ఫోన్లమ్మే కొట్లో పని అతనిది. మొన్నటిదాకా సైకిలు, నిన్నటిదాకా చన్నీళ్ళు, ఇప్పుడు ధ్యానం. ఏది పట్టుకున్నా తనకు పూర్తిగా ఎక్కకముందే పక్కవాళ్ళకు అంటించేవాడు.

"బావా, నీకున్న జబ్బు ఒక్కటే. ఆలోచన."

"నీకు ఆ జబ్బు రాలేదు కదరా, అదే పదివేలు," అంది వాళ్ళక్క వంటింట్లోంచి. ఆమె చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. మాట కూడా కాలరులాగే గట్టిగా, మడత పడకుండా ఉంటుంది.

"నవ్వు అక్కా, నవ్వు. రేపు బావ మొహంలో వెలుగు చూసి నువ్వే అడుగుతావు."

"వెలుగొద్దురా నాయనా. సీటుంటే చాలు."

ధ్యానకేంద్రం టైర్ల దుకాణం మీద మేడగదిలో ఉంది. గురువుగారి గొంతులో తేనె ఎక్కువై ఒక్కో మాటా నింపాదిగా జారేది. "కళ్ళు మూసుకోండి. మీరొక మబ్బు. మిమ్మల్ని గాలి ఎటు తీసుకెళితే అటు వెళ్ళండి."

డ్రైవరు కళ్ళు మూశాడు. కూర్చున్నప్పుడు కళ్ళు మూసుకోకూడదన్నది అతను ఇన్నేళ్ళుగా ఒంటికి నేర్పిన ఒకే ఒక్క పాఠం. మూశాడంటే వెనక బస్సునిండా ఉన్న జనం పనైపోయినట్టే. మనసుకైతే మబ్బని నచ్చజెప్పుకున్నాడు. కాలికెవరు చెప్పాలి? కుడికాలు దానంతటదే ముందుకు సాగి బ్రేకు కోసం తడుముకుంది. ఏదో తగిలింది. గట్టిగా తొక్కింది. తగిలింది, ముందు వరసలో మబ్బైపోయి ఉన్న బ్యాంకు గుమాస్తా నడుము.

"ఓరి నాయనో!" అంది ఆ మబ్బు.

తరగతి అయ్యాక గురువుగారు తన మిషనుతో బీపీ చూశారు. డిపోలో కన్నా పెరిగింది.

"శుభం," అన్నారు. "లోపలి మురికి బయటికొస్తోంది."

"ఇంకా ఎంతుందండీ?"

"అది పైతరగతిలో తెలుస్తుంది."

పైతరగతిలోనూ కాలు బ్రేకు తొక్కింది. ఈసారి అతన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు కనక ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఇంట్లో బావమరిది ఇంకో అడుగు ముందుకేశాడు. బావకు ప్రశాంతత కావాలని కుక్కరు కూత ఆపించాడు, రేడియో తీగ పీకేశాడు, తలుపుల కింద గుడ్డలు కుక్కాడు. అక్కను మునివేళ్ళమీద నడవమన్నాడు. ఇల్లు అంత నిశ్శబ్దమయ్యేసరికి, ఇన్నాళ్ళూ ఎవరికీ వినబడని కొళాయి చుక్క వినబడసాగింది. డ్రైవరు ఆ చుక్కకోసం ఎదురుచూస్తూ పళ్ళు కొరుక్కునేవాడు.

"నా ఇంట్లో నేను దొంగలా నడవాలిట్రా?" అంది అక్క.

"బావ కోసం అక్కా!"

"మీ బావ దవడలు చూడు. ఆ పళ్ళు కాస్తా అరిగిపోతే ఆ సామాన్ల గదిలో సెట్టొకటుందట. అదే తెచ్చిపెడదాం."

తర్వాత చేపల తొట్టె వచ్చింది. చేపలు డ్రైవరును చూశాయి, డ్రైవరు చేపల్ని చూశాడు, ఇద్దరికీ ఒరిగిందేమీ లేదు. రంగులు వేసుకునే బొమ్మల పుస్తకం వచ్చింది. గీత దాటినప్పుడల్లా అతనికి చలానా రాసినంత బాధేసేది. సెలవు కరిగిపోతోంది. రోజు గడిచినకొద్దీ ఆ కుర్చీ దగ్గరకు జరుగుతున్నట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళబోతూ అతని భార్య బఠాణీకాయల సంచి తెచ్చి బల్లమీద కుమ్మరించింది.

"ప్రశాంతత వచ్చేదాకా ఎలాగూ ఖాళీయే కదా. ఇవి ఒలిచి పెట్టండి."

ఇల్లు ఖాళీ అయింది. చేసేది లేక ఒక కాయ తీసుకున్నాడు. తొడిమ దగ్గర గిల్లి నార లాగితే కాయ రెండుగా విచ్చుకుంది. లోపల గింజలు, కిక్కిరిసిన బస్సులో సీటు దొరికిన అదృష్టవంతుల్లా ఒత్తుకుని కూర్చున్నాయి. బొటనవేలితో తోశాడు. గిన్నెలో టపటపా రాలాయి. ఇంకో కాయ. ఒకదాంట్లో పురుగుంది. తీసి పక్కన పెట్టాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చేతులకు పనుంది, ఎవరూ మబ్బువి అనడంలేదు. కాసేపటికి ఎందుకో కిందికి చూశాడు. కుడికాలు ఎడమకాలిమీద పడుకుని ఉంది, చెప్పు జారిపోయి.

ఎవరైనా చూస్తారేమోనన్నట్టు అతను చప్పున తల తిప్పేశాడు.

ఒలిచింది ఉడికించుకున్నాడు. ఉల్లిపాయ తరుగు, మిరియాలు, నిమ్మరసం, పక్కన రొట్టె. ఇన్నాళ్ళూ అతను తిన్నది బస్సు ఇంజను ఆపకుండా, ఒక కన్ను గడియారంమీద ఉంచి. నోట్లో ఏం పడిందో పొట్టకే తెలియాలి. ఇప్పుడు నమిలాడు. బఠాణీలో తీపి ఉంది. ఇదెప్పటినుంచి ఉందో అనుకున్నాడు.

మర్నాడు చిక్కుళ్ళు తెచ్చుకున్నాడు. ఆ మర్నాడు ఆకుకూర, ఆకు ఆకూ తిప్పి చూసి, కాడలు గిల్లి. మేడగది మానేశాడు. కొళాయికి వాషరు వేశాడు.

బావమరిది పసిగట్టాడు. ఫోను పట్టుకుని బల్లకు ఎదురుగా నిలబడ్డాడు.

"బావా, కదలకు. వీడియో తీస్తున్నాను. ఒలిచేటప్పుడు నీ లోపల ఏం జరుగుతోంది?"

"పురుగుందా లేదా అని చూస్తున్నాను."

"ఆహా! పురుగంటే అహంకారం."

"కాదు. పురుగే."

"లోతుగా చెప్పు బావా, జనం చూస్తారు."

"ఇదిగో, కావాలంటే చూడనీ," అని కాయను ఫోను దగ్గరికి తోశాడు. పచ్చగా, లావుగా, ఆరోగ్యంగా ఉంది పురుగు.

పరీక్షనాడు డిపోలో వరస పెద్దదే. భార్య పొద్దునే చేతికొక బఠాణీకాయల సంచి ఇచ్చింది, కూర్చున్నంతసేపూ ఒలవమని. కానీ అతన్ని వచ్చీ రాగానే పిలిచారు. డాక్టరు ఈమధ్య కొత్త పద్ధతి పెట్టాడు.

"కళ్ళు మూసుకో. ఒళ్ళు వదిలెయ్. అప్పుడు చూస్తాను."

"తెరుచుకుని ఉంటే కుదరదా సార్?"

"కుదరదు. ఇది శాస్త్రం."

మూశాడు. డాక్టరు బల్ల కింద చెత్తబుట్ట ఢామ్మని గోడకు తగిలింది. పట్టీ బిగిసింది. అంకె చూసి డాక్టరు కలం మూత తీశాడు. ఏ గదికి రాయబోతున్నాడో డ్రైవరుకు అర్థమైంది. ఇన్నేళ్ళలో ఎవర్నీ ఏదీ బతిమాలని మనిషి నోరు తెరిచాడు.

"ఈ సంచెడు ఒలిచి వస్తాను సార్. ఒక్కసారి చూడండి. అప్పటికీ తగ్గకపోతే మీ ఇష్టం."

డాక్టరు సంచిలోకి తొంగి చూశాడు. తిట్టాలో నవ్వాలో తెలియక గడియారం చూశాడు. "నా భోజనం అయ్యేలోపు," అన్నాడు.

బెంచీమీద కూర్చుని ఒలిచాడు. మొదటి మూడు కాయలూ హడావిడిగా చీల్చాడు. నాలుగో కాయకు చేతులు కుదురుకున్నాయి. పక్కనున్న డ్రైవర్లు తలా ఒక గుప్పెడు తీసుకుని తామూ ఒలవసాగారు.

ఈసారి కళ్ళు తెరిచే కూర్చున్నాడు, డాక్టరు వెనక గోడమీద బల్లిని చూస్తూ. డాక్టరు ఒకసారి చూశాడు. మిషను మార్చి మళ్ళీ చూశాడు. సంతకం పెట్టాడు. సీటు దక్కింది.

అంతటితో ఆగితే బాగుండేది. ఈ సంగతి డిపో మేనేజరు చెవిన పడింది, బావమరిది వీడియో ఆయన కంట పడింది. వారం తిరక్కుండానే నోటీసు బోర్డుమీద కాగితం: సిబ్బంది అందరికీ బఠాణీ ధ్యానం తప్పనిసరి. గురువుగా మేడగది గురువుగారు, సహాయకుడిగా బావమరిది. శాస్త్రోక్తంగా ఉండాలని గురువుగారు ఒక చిన్న మార్పు చేశారు. కళ్ళు మూసుకుని ఒలవాలి.

మొదటి తరగతి అయిన సాయంత్రం డ్రైవరు బస్సు అప్పగించి ఇంటికొచ్చేసరికి, బావమరిది పెద్ద గోతాంతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తొక్కలు, గింజలు, నలిగిన ముద్ద, పురుగులు అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

"క్యాంటీనువాళ్ళు మాకొద్దన్నారక్కా," అన్నాడు చిన్నగా. "పారేస్తే పాపం కదా అని తెచ్చాను."

అక్క గోతాంలోకి చూసింది. తమ్ముడి మొహంలోకి చూసింది. బల్ల తుడిచి ముగ్గురికీ మూడు గిన్నెలు పెట్టింది. బావమరిది ఫోను జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. పురుగులు ఒకవైపు, తొక్కలు ఒకవైపు. మంచి గింజలు సగానికి సగం మిగిలాయి. అవి ఉడికాయి, ఉల్లిపాయ పడింది, నిమ్మకాయ పిండారు.

ముగ్గురూ కూర్చుని నింపాదిగా తిన్నారు.