అలమారకు రాని ఆడపడుచు

మనవరాలికి జీతం వచ్చినప్పుడల్లా అలమారలోకి కొత్త బొమ్మ దిగుతుంది. వాటి అసలు పేర్లు నా నోటికి తిరగవు. అందుకే పోలిక చూసి ఒక్కో బొమ్మకు మా చుట్టాల వరస పెట్టుకున్నాను. నిన్న దుకాణం నుంచి ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, కత్తి పట్టుకున్న ఎర్రజుట్టుది మన దగ్గరుందా? ఇదొక్కటే మిగిలింది, పక్కనొకాయన చెయ్యి చాస్తున్నాడు. ఉన్నదే మళ్లీ కొంటే అమ్మ నన్ను గడప తొక్కనివ్వదు!"

నాకు కాలు నిలవలేదు. దుమ్ము దులుపుతానని మా అమ్మాయి పొద్దున్నే బొమ్మలన్నీ మంచం మీద కుప్ప పోసింది. అందులో ఎర్రజుట్టువే నాలుగు తగిలాయి.

"త్వరగా, అమ్మమ్మా!"

"ఉండవే, ప్రాణం తోడెయ్యకు. దాని మొహం ఎలా ఉంది?"

"మూతి ముడుచుకుని, నడుం మీద చెయ్యేసుకుంది."

కుప్పంతా కెలికాను. తోడికోడలుంది, మేనత్తలున్నారు, పెద్దాడపడుచు ఉంది. మూతి ముడిచేది మా చిన్నాడపడుచు ఒక్కతే. ఆ పోలిక బొమ్మ దొరక్క, ఆ వరస ఇప్పటిదాకా ఎవరికీ పెట్టలేదు.

"కొనెయ్యవే! ఇది మనింట్లో లేదు."

"ఖాయమేనా?"

"ఆవిడొచ్చుంటే మనల్నింత ప్రశాంతంగా ఉండనిచ్చేదా?"

అది నవ్వుతూ ఫోన్ పెట్టేసింది. నేను మాత్రం దిండ్లెత్తి, పక్క దులిపి, మంచం కింద కూడా చూశాను.