రెండు పేర్లు

ఫిడేలు కమానుకి రోజిన్ బంక రుద్దడం అయ్యాక, ఆమె ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని అద్దం ముందు కూర్చుని, "ప్రతి రికార్డింగు మీదా మా ఇద్దరి పేర్లూ ఉండాలి" అని పైకి అంది. అని నోరు మూసుకుంది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు మూడు చుట్లు తిరిగేదాకా పెదవి కదపకూడదు. పన్నెండు రోజులుగా ఇదే సాధన. మొదటిరోజు నలభై సెకన్లకే ఓర్చుకోలేక, "అంటే, మీకేం ఇబ్బంది లేకపోతేనే" అనేసింది. ఎదురుగా ఉన్నది ఎవరో కాదు, తన మొహమే. దానికే లొంగిపోయినందుకు ఆ రోజంతా తన మీద తనకే ఒళ్ళు మండింది.

అరవై ఒక్కేళ్ళ మనిషి. ఫిడేలు ఆనించీ ఆనించీ ఎడమ దవడ కింద పెద్ద బొత్తాం అంత నల్లటి మచ్చ పడింది. ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాశాయి. ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి ఉంటాయి కాబట్టి బట్టలు ఎవరు కుట్టినా ఒక పక్కకి లాగుతాయి. వీధిలో అందరూ ఫిడేలమ్మ అంటారు. అసలు పేరు ఒక్క పోస్టువాడికి తెలుసు, వాడూ ఈమధ్య రావడం మానేశాడు.

ఆమె బతుకంతా పక్కవాద్యం. పక్కవాద్యం వాయించేవాళ్ళకి ఖాళీ కనిపిస్తే చాలు, చెయ్యి ఊరుకోదు. పాడే ఆయన ఊపిరి పీల్చుకుంటాడు, అక్కడ దూరాలి. ఆయన చరణం మర్చిపోతాడు, గొంతు సవరించుకుంటాడు, మంచినీళ్ళు తాగుతాడు, ముందు వరసలో ఎవరో పెద్దమనిషి వస్తే లేచి నమస్కారం పెడతాడు. అంతసేపూ జనానికి అనుమానం రాకుండా నింపుతూ ఉండాలి. ముప్పై నాలుగేళ్ళు ఒకే గాయకుడి పక్కన కూర్చుని ఆమె ఆ ఖాళీలన్నీ నింపింది. పోస్టరు మీద ఆయన పేరు తలకాయంత అక్షరాల్లో ఉండేది. కింద, భూతద్దం పెట్టి చూస్తే, 'బృందం' అని ఉండేది. ఆ బృందం ఇద్దరే. ఫిడేలు ఆమె, తబలా ఆమె తమ్ముడు.

గాయకుడు పోయాడు. పోయాక ఆయన పాటలన్నీ ఫోనుల్లోకి ఎక్కాయి. తమ్ముడు సంబరపడుతూ ఫోను తెచ్చి చూపించాడు. పాట, పాడినవారు, రాసినవారు, చివరికి హక్కులు కొనుక్కున్న కంపెనీ పేరు కూడా ఉంది. ఫిడేలు ఎవరో, తబలా ఎవరో ఆ ఫోనుకి తెలియదు. తమ్ముడు మాత్రం "అక్కా, ఇక్కడ నీ బిట్టు వినవే, ఎంత బాగుందో" అంటూ మురిసిపోయాడు. వాడికి కోపం రాదు. వాడి వాటా కోపం కూడా ఆమెకే వస్తుంది.

బేరాలు ఆమెకి చేతకావు. పోయినేడు ఒక స్టూడియో యజమాని నేపథ్య సంగీతానికి పిలిచాడు. ఆమె తన రేటు చెప్పింది. ఆయన పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె కొంచెం తగ్గించి చెప్పింది. ఆయన పైకప్పే చూస్తున్నాడు. ఇంకొంచెం తగ్గించింది. రాకపోకల ఖర్చులు కూడా తానే పెట్టుకుంటానంది. ఆయన ఒక్క ముక్క మాట్లాడకుండానే బేరం పూర్తయిపోయింది. పన్నెండు రోజుల కిందట ఈ సంగతి విని, కింది వాటాలో ఉండే పాత కార్ల వ్యాపారి నెత్తి కొట్టుకున్నాడు. "పిన్నిగారూ, మన మాట చెప్పేశాక నోటికి తాళం వేసుకోవాలండీ. ఆ తర్వాత ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్ళు దిగొచ్చినట్టే. నేను ఇరవయ్యేళ్ళుగా తింటున్న తిండి ఇదే" అన్నాడు. ఆ రోజే ఆమె అద్దం కొనుక్కొచ్చింది.

ఈసారి బేరం చిన్నది కాదు. గాయకుడు పోయాక అక్కాతమ్ముళ్ళిద్దరూ సొంతంగా అరవై మూడు రికార్డింగులు చేశారు. ఆమె పడకగదిలోనే. గది మోగకుండా కిటికీలకి దుప్పట్లు కట్టి, బట్టల బీరువా తలుపులు బార్లా తీసి, ఫ్రిజ్ ఆపేసి, నీళ్ళ మోటారు ఆగాక ఎదురింటి కుక్క నిద్రపోయాక మొదలుపెట్టేవాళ్ళు. ఫ్రిజ్ మళ్ళీ వెయ్యడం మర్చిపోయి ఎన్నిసార్లు పాలు విరిగాయో లెక్కలేదు. వాయించేది నెమ్మదిగా సాగే రాగాలు. పాట లేదు, మాట లేదు. జీవితంలో మొదటిసారి ఎవరి పక్కనా కాకుండా వాయించారు. తమ్ముడే తన పేరున ఖాతా తెరిచి వాటిని ఫోనుల్లోకి ఎక్కించాడు. జనం విన్నారు. చాలామంది విన్నారు. నిద్రపట్టనివాళ్ళు పెట్టుకుంటున్నారని తెలిసింది.

అప్పుడు ఒక కంపెనీ కబురు పెట్టింది. అరవై మూడూ కొనుక్కుంటామంది. డబ్బు గురించి పేచీ లేదు. పేచీ అంతా పేరు దగ్గర. కంపెనీవాళ్ళు ఈ సంగీతాన్ని ఒక కొత్త పేరుతో పెడతారట. నమూనా కూడా పంపారు. గడ్డం ఉన్న ఒక కుర్రాడు కళ్ళు మూసుకుని రాతి మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు సముద్రపు హోరు వింటూ పెరిగాడట, అందుకే అతని సంగీతంలో అలలుంటాయట. అసలు అలాంటివాడు భూమ్మీద లేడు. అది చదివినప్పుడు ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై నాలుగేళ్ళు బతికున్నవాడికి ధారపోశాం, ఇప్పుడు పుట్టనివాడికి కూడా ధారపొయ్యాలా?

ఆ రోజు పదింటికి తమ్ముడు కంపెనీ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. యాభై ఏడేళ్ళు, గుండ్రటి మనిషి, ఇస్త్రీ చొక్కా అప్పటికే చెమటకి వీపుకి అంటుకుంది.

"నేను మాట చెప్పాక నువ్వు నోరు మెదపకూడదు. అర్థమైందా?" అందామె.

"నాకేం పనే మాట్లాడ్డానికి, నువ్వున్నావుగా" అన్నాడు.

నాలుగో అంతస్తులో అద్దాల గది. ఒప్పందాలు చూసే ఆవిడ నలభై లోపే ఉంటుంది, జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది, మాట మాత్రం తియ్యగా ఉంది. ఇద్దరికీ మంచినీళ్ళు ఇప్పించింది. కాగితాలు ముందు పెట్టి, "అన్నీ చూసుకున్నారు కదా మేడమ్, ఇంకేమైనా సందేహాలున్నాయా?" అంది.

"సందేహాల్లేవు. ప్రతి రికార్డింగు మీదా మా ఇద్దరి పేర్లూ ఉండాలి."

ఆమె నోటికి తాళం వేసుకుంది. లోపల పదహారు మాత్రల ఆవర్తనం లెక్కపెట్టుకోసాగింది. ఒక ఆవర్తనం అయింది. ఆవిడ చిరునవ్వు నవ్వింది. ఆమె నవ్వలేదు. రెండోది అయింది. ఆవిడ కలం మూత తీసి పెట్టింది. ముక్కు తుడుచుకుంది. మూడోది అయింది. ఆవిడ తల వంచి కాగితంలో ఏదో వెతికింది, ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. నాలుగోది సగంలో ఉండగా ఆవిడ మెడ దగ్గర ఎర్రబడటం ఆమె చూసింది. ఇంకో ఎనిమిది మాత్రలు. ఆవిడ ఊపిరి పీల్చుకుని పెదవి విప్పింది.

"పోనీలెండి, ఒక్క పేరు వేసినా చాలు" అన్నాడు తమ్ముడు.

బల్ల అంచు మీద వాడి వేళ్ళు అప్పటికే ఆడుతున్నాయి. వాడికి ఇంకోటి తెలియదు. పాడే ఆయన ఆగితే ఫిడేలు నింపాలి, ఫిడేలు కూడా ఆగితే తబలా నింపాలి. ఆమె ఆగింది కాబట్టి వాడు అందుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఆమె అలా ఆగిన ప్రతిసారీ వాడు అందుకుంటూనే ఉన్నాడు. ఆమె పన్నెండు రోజులు అద్దం ముందు కూర్చుంది గానీ వాణ్ని పక్కన కూర్చోబెట్టుకోవాలని తోచలేదు.

"ఒక్క పేరంటే చూడొచ్చు సార్" అంది ఆవిడ గభాల్న. తెరిచిన నోటితో ఇంకేం చెప్పబోయిందో అది మింగేసింది. "ఎలాగూ తెర మీద ఒక్క పేరుకే చోటుంటుంది."

ఆమె లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడబోయింది.

"ఒక్క నిమిషం. ఒక్క నిమిషం ఉండలేకపోయావురా" అంది తమ్ముడితో. వాడు ఏదో అనబోతుంటే వినకుండా బయటికి వచ్చేసి లిఫ్టు పక్కన నిలబడింది.

ఇద్దరి పేర్లలో ఒకటి పోయిందంటే పోయేది తనదే. ఖాతా వాడి పేరున ఉంది, సంతకం వాడిదే, లోపల కూర్చున్నదీ వాడే. తాను బయట గోడకి ఆనుకుని ఉంది. మళ్ళీ బృందం. ఈసారి తమ్ముడి కింద. లోపలికి వెళ్ళి ఆ కాగితాలు ముక్కలు చేద్దామనుకుంది. వెళ్ళలేదు. బతిమాలడం రాదు, పోట్లాడటం అలవాటు లేదు, వచ్చిందల్లా మొహం మాడ్చుకోవడమే. పావుగంట అయింది, అరగంట అయింది. ఒక్క సంతకానికి ఇంతసేపేమిటో, టీ తాగుతూ కబుర్లు చెబుతున్నాడేమో. నలభై నిమిషాలకి వాడు కవరు పట్టుకుని వచ్చాడు. లిఫ్టులో ఆమె గోడవైపు తిరిగి నిలబడింది.

బస్సులో పక్కపక్కనే సీటు దొరికింది. వాడు కుడిచేతి వేళ్ళు ఎడమచేత్తో నొక్కుకుంటున్నాడు. నొప్పి పుట్టనీ అనుకుంది.

"అక్కా, కాగితం చూడవే."

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇప్పుడు మౌనం ఎంత తేలిగ్గా వచ్చిందో. అద్దం ముందు అన్ని రోజులు కష్టపడ్డది ఇక్కడ ఇట్టే కుదిరిపోయింది.

"ఆ పేరు సంగతి నేనేం చేశానంటే..."

జవాబు లేదు. వాడికి ఖాళీ భరించడం రాదని తెలుసు. తెలిసే చేసింది. కాసేపు వాడు బస్సు రద్దీ గురించి మాట్లాడాడు, ఎండ గురించి మాట్లాడాడు, ఇంటిదాని మోకాళ్ళ నొప్పి గురించి చెప్పాడు. కాసేపటికి అవీ అయిపోయాయి. వాడి స్టాపు వచ్చింది. కవరు ఆమె సంచిలోకి దోపి, "కోపం తగ్గాక ఫోన్ చెయ్యి" అని దిగాడు. కిందికి దిగాక కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడని కంటి కొసకి తెలిసింది. ఆమె తల తిప్పలేదు. బస్సు కదిలింది.

ఇంటికొచ్చి సంచి మంచం మీద గిరాటేసి, గిన్నెలు దబదబా పడేస్తూ వంట చేసింది. తినబుద్ధి కాలేదు. ఫిడేలు పెట్టె తెరిచి మళ్ళీ మూసేసింది. రెండున్నరకి ఫోను మోగింది. వాడే. మోగి మోగి ఆగేదాకా చూస్తూ కూర్చుంది. మనసులో ఒక రకమైన కసి, ఒక రకమైన తృప్తి. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం, కాళ్ళబేరానికి రానీ అనుకుంది. నాలుగింటికి మళ్ళీ వాడి ఫోనే. ఎత్తలేదు. వెంటనే మళ్ళీ మోగింది. ఈసారి విసురుగా ఎత్తి, "ఏంట్రా నీ గోల" అంది.

"వదినా" అంది మరదలు. "నీకు ఫోన్ చేస్తే ఎత్తట్లేదని చెప్పి పడుకున్నారు. టీకి లేపితే లేవట్లేదు. డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే పోయారన్నాడు."

ఆమె ఏమందో ఆమెకే గుర్తులేదు. ఫోను పెట్టేసి లేచింది. బయల్దేరాలి. చెప్పులు వేసుకుంది, తాళంచెవి కనిపించలేదు. సంచిలో ఉందేమోనని మంచం మీద బోర్లించింది. తాళంచెవితో పాటు కవరు పడింది, కాగితాలు బయటికి జారాయి.

కంపెనీవాళ్ళ పట్టిక అది. వరసకి ఒక రికార్డింగు చొప్పున అరవై మూడు వరసలు, నాలుగు పేజీలు. ఫిడేలు అన్న గడిలో ప్రతి వరసలోనూ ఆమె పేరు ఉంది. ఆమె పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. అచ్చు కాదు, తమ్ముడి చేతిరాత. మొదటి పేజీలో గుండ్రంగా, బడిపిల్లాడి రాతలా కుదురుగా రాశాడు. రెండో పేజీకి అక్షరాలు పక్కకి వాలాయి. నాలుగో పేజీకి వచ్చేసరికి చెయ్యి లాగిందని తెలుస్తోంది, ఒత్తులు గీతలైపోయాయి. అయినా ఒక్క వరసలో కూడా పొట్టి చెయ్యలేదు. గడ్డం కుర్రాడి పేరున్న చోటల్లా అడ్డంగా కొట్టేసి ఉంది. అడుగున వాడి సంతకం.

ఆమెకి మళ్ళీ కోపమే వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. "ఎవడు రాయమన్నాడురా, ఎవడు అడిగాడురా నిన్ను" అని ఖాళీ గదిలో అరిచింది. కిటికీకి కట్టిన దుప్పట్లు ఆ అరుపుని బయటికి పోనివ్వలేదు.

కాగితాలు మంచం మీద అలాగే పరిచి ఉన్నాయి. ఆమె పేరు పక్కన, తబలా అన్న గడులు అరవై మూడూ ఖాళీగా ఉన్నాయి.