తక్కెడ గుర్తు నాణెం

తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున్నే అక్క మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని సముద్రపు ఒడ్డుకు వెళ్ళేది. వారమంతా ఒక ల్యాబులో కట్టుడుపళ్ళు తయారుచేసేది. ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళ నవ్వు తన చేతి చలవేనని ఆమె జోకు. ఒడ్డున ఇన్నేళ్ళలో ఆమెకు దొరికినవి సీసా మూతలు, చేపల గాలాలు, ఒక తాళంచెవుల గుత్తి, నాలుగు లంగరు నాణేలు. ఒకప్పుడు ఆ రేవులో వర్తకులు వాడిన రాగి నాణేలవి. ఒకవైపు లంగరు, రెండోవైపు ఆకుల దండ. ఆ ఇసుకలో తరచూ దొరికే రకమే.

చెల్లెలు చిట్టి కారు డ్రైవింగ్ నేర్పుతుంది. ఒక ఆదివారం క్లాసులు లేక సరదాగా అక్క వెంట వచ్చింది.

"నన్నూ ఓసారి తిప్పనీయవే అక్కా!"

మెషిన్ ఇచ్చి, అక్క కాస్త దూరంగా కూర్చుని బూట్లలోంచి ఇసుక దులుపుకుంటోంది. రెండో బూటు విప్పకముందే కేక వినిపించింది.

"కుయ్యిమంటోంది! అక్కా, కుయ్యిమంటోంది!"

అక్క లేచేలోపే చిట్టి తవ్వేసి పరుగెత్తుకొచ్చింది. అరచేతిలో పచ్చటి చిలుము, ఇసుక కలిసి గట్టిపడిన బిళ్ళ. అంచు ఒకచోట గుండ్రంగా బయటపడి ఉంది.

"నాణెమేనా?"

"అయ్యుండొచ్చు," అంది అక్క.

చిన్నప్పుడు అమ్మ ఎప్పుడూ చిట్టి గురించే "దాని చెయ్యి మంచిది" అనేది. అంటే నా చెయ్యి చెడ్డదా అని అక్క ఎన్నడూ అడగలేదు. ముప్పై ఏళ్ళుగా అనుకుంటూ మాత్రం ఉంది.

శుభ్రం చేసి చూస్తానని నాణెం తీసుకుంది. మూడు వారాలు డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి రోజూ నీళ్ళు మార్చింది. తర్వాత మధ్యాహ్నం భోజనాల వేళ, ల్యాబులో ఎవరూ లేనప్పుడు భూతద్దం కింద పెట్టి, మైనపు పళ్ళు చెక్కే సన్నటి పనిముట్టుతో చిలుమును రవ్వ రవ్వగా లేపింది. ముందు లంగరు కనిపించింది. 'హమ్మయ్య, మామూలుదే' అనుకుంది. ఆ సంతోషానికి తనకే కాస్త సిగ్గేసింది.

తిరగేసింది. ఆకుల దండ లేదు. సన్నటి అడ్డగీత, దాని రెండు చివరలా వేలాడుతున్న పళ్ళేలు. తక్కెడ.

బరువు తూచింది, అడ్డం కొలిచింది. ఇంటికి వెళ్ళి నాణేల పుస్తకం తీసింది. ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: తక్కెడ గుర్తుతో కొన్ని నాణేలు కొట్టినట్టు పాత కాగితాల్లో ఉంది గానీ, ఒక్కటీ ఇంతవరకు బయటపడలేదు.

అక్క పుస్తకం టప్పున మూసేసింది. తొమ్మిదేళ్ళు! ఎండలో, చలిలో, నడుం పట్టేసినా వదలకుండా తిరిగింది తను. చిట్టి పది నిమిషాలు తిరిగింది.

మర్నాడు చిట్టి ఫోన్ చేసింది. "ఏమైంది అక్కా నా నిధి?"

"మామూలు లంగరు నాణెమే," అంది అక్క. తన నాలుగింటిలో ఒకదాన్ని తోమి ఇచ్చేసింది.

చిట్టి మొహం చిన్నబుచ్చుకోలేదు. "మామూలుదైతే ఏం, నా చేత్తో నేను తీసింది!" అని గొలుసుకు కట్టించుకుని మెళ్ళో వేసుకుంది. అది చూసిన ప్రతిసారీ అక్క చూపు తిప్పుకునేది. అయినా తక్కెడ నాణేన్ని దూదిలో చుట్టి మ్యూజియంకి తీసుకెళ్ళింది.

నాణేల విభాగం చూసే ఆఫీసరమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. చివరికి కళ్ళజోడు తీసి, "ఎవరికి దొరికింది?" అంది.

"నాకే."

"ఎంత లోతులో ఉంది? పక్కన ఇంకేమైనా ఉన్నాయా? సరిగ్గా ఆ చోటు చూపిస్తే మేమూ తవ్వి చూస్తాం. ఆ చోటు తెలియకపోతే సగం కథ పోయినట్టే."

రేపు చూపిస్తానని అక్క లేచింది. చిట్టి తవ్వే సమయానికి తను బూటు దులుపుకుంటోంది.

ఆ సాయంత్రమే చిట్టి ఇంటికి వెళ్ళింది. చిట్టి గుమ్మం ముందు కారు అద్దాలు తుడుస్తోంది.

"ఆ రోజు నువ్వు ఎక్కడ తవ్వావో గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? కరెంటు స్తంభం, నీలం షెడ్డు ఒకే వరసలో కనిపించేచోట. కారు పార్కింగ్ అలాగే కదా నేర్పుతాను! ఏం అక్కా?"

అక్క చెప్పేసింది. మార్చి ఇచ్చిన సంగతి, మ్యూజియంలో ఆడిన అబద్ధం, అన్నీ.

చిట్టి చేతిలోని గుడ్డను కారు మీద పడేసింది. "ఎందుకే?" అంది.

"కుళ్ళు. నీకు అన్నీ ఊరికే వస్తాయి కదా అని."

"ఊరికేనా? అన్నీ తెలిసినట్టు మాట్లాడకు." చిట్టి గొలుసు తీసి అక్క చేతిలో పెట్టింది. "ఇది నీది, ఉంచుకో. రేపు ఆఫీసరమ్మకు నేనే చూపిస్తాను. నువ్వు రావద్దు."

అక్క మ్యూజియంకి ఫోన్ చేసి నిజం చెప్పింది. అవతల ఆఫీసరమ్మ, "ముందే చెప్పాల్సింది," అని మాత్రం అంది. చిట్టి చూపించినచోట రెండు రోజులు తవ్వినా ఇంకేమీ దొరకలేదు. ఆ మాట విని అక్క మనసు ఒక మూల తేలికపడింది. ఇంకా బుద్ధి రాలేదేమిటి నాకు అని తనను తాను తిట్టుకుంది.

నాణేన్ని అద్దాల పెట్టెలో పెట్టారు. కింద చీటీ మీద చిట్టి పేరు, శుభ్రం చేసి గుర్తుపట్టింది అక్క అని మరో వరసలో ఆమె పేరు. ఆ రెండో వరస ఎవరు రాయించారని అడిగితే, "మీ చెల్లెలే పట్టుబట్టింది," అంది ఆఫీసరమ్మ. అక్క ఆ చీటీ ముందు నిలబడి రెండు వరసలూ చదివింది. తన పేరు కింద ఉన్నందుకు గుచ్చుకుంది. అసలు ఉన్నందుకు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

రెండు నెలలు చిట్టి మాట్లాడలేదు. ఒక ఆదివారం ఫోన్ మోగింది.

"అక్కా, తడి ఇసుక మీదికి వెళ్తే మెషిన్ ఊరికే అరుస్తోంది. ఏం చేయాలి?"

"ఏ మెషిన్?"

"కొన్నాను. కొత్తగా వచ్చిందటగా, నీళ్ళల్లో కూడా పనిచేసేది."

అక్క నాలుగేళ్ళుగా కొనాలని చూస్తున్నది అదే. పాత కుళ్ళే మళ్ళీ లేచింది. ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది.

"ఉప్పునీటికి అలాగే అరుస్తుంది. సెన్సిటివిటీ తగ్గించు," అంది. "ఇంకా తగ్గించు. ఎక్కడున్నావ్? ఉండు, వస్తున్నా."